నీటి అడుగున చిరునామా

మా అమ్మకు చాలాకాలంగా ఒకటే కోరిక: చిన్ననాటి స్నేహితురాలిని ఒక్కసారి చూడాలని. “ఎక్కడుంటుందమ్మా?” అని అడిగితే ఆమె చెప్పే ఊరు ఇప్పుడు భూమిమీద లేదు. కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ చేయించారు. పురిటికి పుట్టింటికి వచ్చిన అమ్మ, నెలల పిల్లవాడినైన నాతో ఆ లారీ ఎక్కింది. తరువాత ఎవరు ఏ ఊరు చేరారో ఎవరికీ తెలియలేదు.

ఆ ముంపునుంచి కాపాడాలనే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. వెళ్ళి చూశాను, ముచ్చటగా ఉంది. రాళ్ళు ఎక్కడికి చేరాయో చెప్పగలం గాని మనుషుల మాటే చెప్పలేం!

రెండేళ్ళు వెతికాను. ఆత్మకూరులోనూ, నందికొట్కూరులోనూ వీధివీధీ తిరిగాను. ఆడవాళ్ళను వెతకడంలో ఒక చిక్కు ఉంది. అమ్మకు తెలిసింది పుట్టింటి ఇంటిపేరు. లోకానికి తెలిసేది అత్తింటిది. చివరకు టీకొట్టు ముసలాయన జాలిపడ్డాడు.

“ఈడ అడిగితే ఏం లాభం సారూ? ఎండాకాలం సంగమేశ్వరానికి పో. మునిగిపోయిన ఊళ్ళోళ్ళంతా ఆడికే వస్తారు.”

సప్తనదీ సంగమమని పేరుపొందిన ఆ క్షేత్రం ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలోనే ఉంటుంది. జలాశయం నిండితే మట్టం 885 అడుగులు. అది సుమారు 840కి దిగితేగాని గుడి బయటపడదు. అక్కడి వేప లింగాన్ని ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. నేను వెళ్ళేసరికి గోడలకింకా ఒండ్రు తడి ఆరలేదు. చుట్టూ జనం. అందరూ దేవుణ్ణే చూడడంలేదు; కొందరు ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చేయి చూపుతూ, “మన కళ్ళం అక్కడ, మన బావి అక్కడ” అని మనవలకు చెప్తున్నారు.

నేను ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చాను. అమ్మ పుట్టింటి పేరు చెప్పగానే ఒక పెద్దాయన తల ఎత్తాడు.

“ఆ యమ్మా? ఆత్మకూరులో కూతురింట్లో ఉంది గదా!”

తీరా వెళ్తే, అది నేను రెండుసార్లు నడిచిన వీధే!

అరుగుమీద కూర్చున్న ఆమె కళ్ళు చికిలించి చూసింది. “ఎవురి పిల్లోడివి నాయనా?”

చెప్పాను. నా చెంపలు తడిమింది. “ఆ పొద్దు లారీలోకి నిన్ను అందిచ్చింది నేనే.”

“పెద్దమ్మా, మాట్లాడు” అని అమ్మకు ఫోన్ కలిపి ఇచ్చాను. నిమిషంసేపు ఇటునుంచీ అటునుంచీ మాట లేదు. తరువాత ఆమె కళ్ళు తుడుచుకుని, కోపంగా అంది:

“ఏమే, నా రాగిచెంబు నీకాడే ఉండిపాయె గదే!”

మా ఇంట్లో దేవుడి గూటిలో, నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ, ఒక రాగిచెంబు ఉంది. అమ్మ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఎందుకో ఆ రోజు తెలిసింది.

వచ్చే ఆదివారం అమ్మా, నేనూ, ఆ చెంబూ ఆత్మకూరు వెళ్తున్నాం.