చెప్పులు కుట్టే ఆయన కొడుకు కతలు



ఈ వారం హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కతలు మళ్లా చదివినాను. డెన్మార్క్ అంటే మనకు సంబంధం లేని దేశం అనుకోవద్దండి. మన తరంగంబాడిలో 1620లో కోట కట్టింది ఆ దేశమోళ్లే. 1845లో ఆ ఊరిని ఇంగ్లీషోళ్లకు అమ్మేసి పోయిరి. అదే ఏడు ఆండర్సన్ అగ్గిపుల్లలు అమ్మే చిన్నపాప కత రాసినాడు.

ఆయన 1805లో ఓడెన్సె అనే ఊర్లో పుట్టినాడు. నాయన చెప్పులు కుట్టేవాడు, అమ్మ ఊరోళ్ల బట్టలు ఉతికేది. నూలు వడికే ముసలమ్మల దగ్గర కూసోని విన్న కతలు ఆయన మనసులో నిలిచిపోయినాయి. 1835లో మొదటి చిన్న పుస్తకం వేసినాడు. చూసిన పెద్దమనుషులు కొందరు ముక్కు విరిచిరి. ఇంట్లో మాట్లాడినట్లే రాసినాడు, ఇది పుస్తకాల బాస కాదు అనిరి. ఆయన ఆ తీరు వదల్లేదు. అందుకే ఆ కతలు ఇంకా బతికుండాయి.

1837లో వచ్చిన రాజు కొత్తబట్టల కత మీకందరికీ తెలుసు. అది పాత స్పెయిన్ కతే. కానీ నిజం చెప్పే చిన్నబిడ్డ దాంట్లో లేదు. అచ్చుకు పోయే ముందర ఆ బిడ్డను ఆండర్సనే చేర్చినాడు. కతలో పెద్దోళ్లంతా తమను తెలివిలేనోళ్లు అనుకుంటారని నోరు మూసుకుంటారు.

మన జబ్బూ అదే. "మాది బుక్కుల తెలుగు కాదు, రాస్తే నగుతారు" అని మన సంగంలో ఎంతమంది అనలేదు? నేనూ తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు రిటైర్ అయినంకనే నేర్చుకుంటిని. కల్లావి చుట్టుపక్కల మన ఇండ్లల్లో కత చెప్పే అవ్వలు ఒక్కొక్కరే పోతా ఉండారు. మనం తెలుగులో పిలిస్తే మనవళ్లు తమిళంలో బదులిస్తారు. ఇంక పదేండ్లు ఇట్లే కూసుంటే, ఆ కతలు అడిగేదానికి మనిషి ఉండరు.

అందుకే ఒక మాట. ఇంటికొక కత ఇయ్యండి. అవ్వ ఎట్ల చెప్పిందో అట్లే, ఒక్క మాట కూడా దిద్దొద్దు. తెలుగు రాయను రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాయండి. అదీ కాకపోతే ఫోన్లో రికార్డు చేసి పంపండి. ఎత్తి రాసే పని నాది. రైల్వేలో ముప్పై ఏండ్లు రిజిస్టర్లు నింపిన చెయ్యి ఇది, దీనికి అలుపు లేదు.