కొబ్బరిచెట్లు చూడ్డానికి అంత దూరమా?

మాది ఓడలరేవు. ఓ పక్క వైనతేయ, ఇంకో పక్క సముద్రం, ఊరంతా కొబ్బరితోటలు. అందుకే హనీమూన్‌కి బాలి అనగానే అమ్మ నవ్వేసింది. "కొబ్బరిచెట్లు చూడ్డానికి అంత దూరమా?"

మా పెళ్లి మాఘమాసంలో. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న బాలిలో అప్పుడు వానలు. మాల్దీవుల్లో అయితే ఎండే. మనవాళ్లకి అక్కడ దిగాక వీసా ఉచితం కూడా. కానీ రిసార్ట్ రేట్లు చూడగానే పెళ్లికి నాన్న చేస్తున్న అప్పు గుర్తొచ్చింది.

"పోనీ మీ బీచ్‌కే వెళ్దాం" అన్నాడు తను.

నిశ్చితార్థం రోజు వెళ్లాంగా! పది అడుగులు వేశామో లేదో, "ఏమ్మా, అల్లుడుగారేనా?" అని ఒకరు, "ముహూర్తం ఎప్పుడు?" అని మరొకరు. నా చెయ్యి పట్టుకోబోయినవాడు కాస్తా జేబులో పెట్టేసుకున్నాడు.

నాకు కావాల్సింది వేరే సముద్రం కాదు, ఎవరూ పలకరించని ఒడ్డు. అందుకే మా ఇద్దరి జీతాల్లోంచి దాచుకుని, వానలు తగ్గాక మే నెలలో బాలి వెళ్తున్నాం.

అమ్మకి అదే చెప్పా. ఈసారి నవ్వలేదు.

"పెళ్లయి ఇన్నేళ్లయింది. మీ నాన్నా నేనూ మన ఒడ్డున ఒక్కసారీ కలిసి నడవలేదే" అంది.