అమ్మీ అడిగిన సవాల్

2025 జులైలో మెక్సికో వెళ్లాం. టాక్సీ దిగీ దిగగానే అమ్మీ దుపట్టా ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"కుళ్లిన అండాల వాసన వస్తోందేంటి బేటా?"

కాంకూన్‌కి దక్షిణాన, సమందర్ ఒడ్డునే హోటల్. ఫోటోల్లో నీళ్లు ఫిరోజా రంగులో మెరిసిపోయాయి. బాల్కనీ తలుపు తీస్తే ఒడ్డంతా మోకాలెత్తు గోధుమరంగు నాచు. ట్రాక్టర్లు ఎత్తుకెళ్తుంటే వెనకే అలలు మళ్లీ తెచ్చి పడేస్తున్నాయి.

అబ్బా ఇంతకాల్ అయ్యాక అమ్మీ నన్ను అడిగిన షౌఖ్ ఇదొక్కటే. సమందర్‌లో కాసేపు నిలబడాలని. చీరాలలో ఉన్నప్పుడు ప్రతి బాసీ ఈద్‌కి అబ్బా మమ్మల్నందర్నీ వాడరేవు తీసుకెళ్లేవారు. పిల్లలం తడిసి ముద్దయ్యేవాళ్లం, అమ్మీ మాత్రం బిర్యానీ డేగ్చీకి కాపలా. "ఒక్కసారీ తీరిగ్గా నీళ్లలో నిలబడలేదే" అని డాలస్ వచ్చాక నవ్వుతూ అంది.

అమ్మీకి పాత దమా. ఆ నాచు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుందనీ, దమా ఉన్నవాళ్లకి అది తకలీఫ్ అనీ నాకు తర్వాత తెలిసింది. నాలుగు రోజులూ కిటికీలు మూసుకుని, ఇన్‌హేలర్ పక్కన పెట్టుకుని గదిలోనే ఉంది. మొదటి రోజు బాల్కనీలో నిలబడి ఒక సవాల్ అడిగింది. "హవా కిధర్ సే ఆరీ బేటా?" నేను రిసెప్షన్ వాళ్లతో జగడానికి వెళ్లే తొందరలో ఉన్నాను. గాలి ఎటైతే ఏం అమ్మీ, లోపలికి రా అన్నాను.

వచ్చేటప్పుడు ఫ్లయిట్‌లో, "నా నసీబ్‌లో దూరం నుంచి చూడడమే రాసుంది" అంది. ఫిర్యాదు చేసి ఉంటే బాగుండేది.

ఈసారి అమ్మీ మళ్లీ ఆర్నెల్లకు వచ్చింది. పిల్లల సెలవులేమో వేసవిలోనే. ఆ నాచు జోరు దాదాపు మార్చి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉంటుంది. బడి పిల్లలు లేనివాళ్లు నవంబర్ నుంచి జనవరి లోపల వెళ్లండి, సగం ఫికర్ పోతుంది. నాకా రాస్తా లేదు కాబట్టి కూర్చుని చదివాను.

దాని పేరు సర్గాసమ్. వేళ్లుండవు, అడుగున దేన్నీ పట్టుకోదు. మిరియపు గింజలంత గాలి బుడగలతో జీవితాంతం తేలుతూ ఉంటుంది. 2011 నుంచి అట్లాంటిక్ మధ్యలో అది పెద్ద పట్టీలా పెరగడం మొదలైంది. 2018 జూన్‌లో పశ్చిమ ఆఫ్రికా నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా 8,850 కిలోమీటర్లు పరుచుకుందని సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టారు. 2025 మేలో 3 కోట్ల 75 లక్షల టన్నులు. అప్పటిదాకా అంత ఎన్నడూ చూడలేదట. ఆ రెండో నెలలోనే మేం సూట్‌కేసులు ఈడ్చుకుంటూ దిగాం!

ఇంతకీ దాన్ని ఒడ్డుకి తోసేవి ప్రవాహాలూ, తూర్పు నుంచి వీచే గాలీ. తూర్పుకి మొహం పెట్టిన తులుమ్, ప్లాయా దెల్ కార్మెన్ లాంటి బీచ్‌లకే ఎక్కువ దెబ్బ. అది చదివి ల్యాప్‌టాప్ మూసేశాను. బాల్కనీలో అమ్మీ అడిగింది అదే కదా. వాడరేవులో మచ్చీవాళ్ల మధ్య పెరిగిన మనిషి.

ఆ తర్వాత హోటళ్ల స్టార్లు చూడడం మానేసి మ్యాప్‌లో దిక్కులు చూశాను. పసిఫిక్ వైపు ప్యూర్టో వయార్తాకి ఈ నాచు బెడద లేదు, కానీ జులైలో వానలు. కాబో దగ్గర చాలా బీచ్‌లలో నీళ్లలోకి దిగడమే ఖతర్నాక్. కొజుమెల్ పడమటి ఒడ్డు సాఫ్‌గానే ఉంటుంది, కానీ చాలా చోట్ల రాళ్లు. అమ్మీ మోకాళ్లకి కుదరదు. చివరికి కాంకూన్ ఎదురుగా ఉన్న చిన్న ద్వీపం, ఇస్లా ముహేరెస్. దాని ఉత్తరపు కొసన ప్లాయా నోర్తే, తూర్పు గాలికి చాటుగా. లోతు తక్కువ, అలలు దాదాపు ఉండవు. అమ్మీ పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు.

అయినా గ్యారంటీ ఎవరిస్తారు? క్యాన్సిల్ చేస్తే పైసలు వాపస్ వచ్చే గదే తీసుకున్నాను. వెళ్లే వారం రోజులూ ఫజర్ అయ్యాక బీచ్ లైవ్ కెమెరా పెట్టుకుని కూర్చున్నాను. హోటల్ వాళ్ల ఫోటోలు కాదు, నిన్నామొన్నా వెళ్లొచ్చినవాళ్లు పెట్టినవి చూడండి మీరు కూడా. మా ఈయన "దుల్హన్ని చూసినట్టు చూస్తున్నావు" అని మజాక్ చేశాడు.

ఫెర్రీ ఇరవై నిమిషాలు. దిగగానే నేను గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. ఉప్పు వాసన, ఎక్కడో చేప కాలుస్తున్న వాసన, అంతే. అమ్మీ చెప్పులు నా చేతికిచ్చి, సల్వార్ రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లింది. మోకాళ్ల లోతు దాకా వెళ్లి ఆగింది.

"హవా కిధర్ సే ఆరీ?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండానే.

"తూర్పు నుంచి అమ్మీ. మనం ఈ ద్వీపం చాటున ఉన్నాం."

నీళ్లలో ఒక్క నాచు కొమ్మ కొట్టుకొచ్చి ఆమె కాలికి తగిలింది. నా గుండె ఝల్లుమంది. అమ్మీ వంగి దాన్ని తీసి, ఒక బుడగని రెండు వేళ్ల మధ్య పట్టి టప్పుమనిపించింది. పిల్లల్ని పిలిచి వాళ్లకీ తలా ఒకటి పగలగొట్టమని ఇచ్చింది.