మెదడు కణితి మళ్లీ ఎందుకు పెరుగుతుంది?

"ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, కణితి మళ్లీ ఎందుకొచ్చింది డాక్టర్ సాబ్?" పదవీ విరమణ తరువాత కూడా పాతబస్తీలోని ఇరుగుపొరుగువారు స్కానింగ్ రిపోర్టులు తెచ్చి నన్నడిగే ప్రశ్న ఇది. కొందరు సర్జన్‌ను నిందిస్తారు, మరికొందరు తమ తలరాతను. నిజానికి కారణం ఆ కణితి స్వభావంలోనే ఉంది.

పెద్దలలో మెదడులోనే పుట్టే ప్రాణాంతక కణితులలో గ్లియోబ్లాస్టోమా అతి సాధారణమైనది. దాని బలం కణాల మధ్య సంభాషణలో ఉంది. మన గల్లీలలోని పాత ఇళ్లలో ఉమ్మడి గోడకు చిన్న కిటికీ ఉండేది. కూరగిన్నె, కబురు రెండూ అందులోంచే చేరేవి. కణాల గోడలలోనూ అటువంటి కిటికీలున్నాయి. వాటిని కనెక్సిన్ అనే ప్రోటీన్లు నిర్మిస్తాయి. ఒక కణంలో ఆరు, పక్క కణంలో ఆరు కలిసి ఒక సన్నని మార్గమవుతాయి. కాల్షియం వంటి సంకేతాలు దాని గుండా సాగుతాయి.

2015లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో ఫ్రాంక్ వింక్లర్ బృందం ఎలుకలపై ప్రయోగాలలో ఒక విషయం కనుగొన్నది. కణితి కణాలు పొడవైన సన్నని పోగులను ఆరోగ్యకరమైన మెదడులోకి చాచి, కనెక్సిన్ 43 సాయంతో ఒకదానితో ఒకటి ముడిపడుతున్నాయి. ఇలా ముడిపడిన కణాలు రేడియేషన్‌ను ఒంటరి కణాలకన్నా బాగా తట్టుకున్నాయి. అదే ఏడాది అమెరికాలో మిషెల్ మోంజె బృందం, చురుకైన నాడీకణాలు విడుదల చేసే న్యూరోలిగిన్-3 అనే ప్రోటీన్ కణితిని పెంచుతుందని చూపింది. 2025 బ్రెయిన్ ప్రైజ్ వీరిద్దరికీ లభించింది.

అయితే ఆ కిటికీలను మూసేయవచ్చు కదా? అంత సులభం కాదు. గుండె లయగా కొట్టుకోవడానికీ కనెక్సిన్ 43 కావాలి. అందుకే అటువంటి మందులు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. "కణితిని పూర్తిగా కరిగిస్తాం" అని ఎవరైనా చెబితే నమ్మి ఇల్లూ బంగారమూ అమ్ముకోకండి.

సర్జన్ కంటికి కనిపించే గడ్డను తీయగలరు, పోగులు మిగులుతాయి. అందుకే ఆపరేషన్ తరువాత రేడియేషన్, టెమోజోలమైడ్ మాత్రలు అవసరం. 2005లో వెలువడిన పరీక్షలో ఈ మాత్రలు చేర్చినపుడు మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. ఇది చిన్న లాభమే, కానీ నిజమైన లాభం. కుట్లు ఎండగానే చికిత్స మానేయవద్దు.

పెద్దవయసులో మొదటిసారి ఫిట్స్, తెల్లవారుజామున వాంతులతో పెరిగే తలనొప్పి, చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, స్వభావం మారడం కనిపిస్తే తాయెత్తుతో సరిపెట్టకండి. తలనొప్పులన్నీ కణితులు కావు. కానీ ఈ లక్షణాలకు వైద్యుని పరీక్ష, అవసరమైతే స్కానింగ్ తప్పనిసరి.