ఎనిమిది సెకండ్ల పొదుపు

ఎవరును లేని గదిలో దీపము నార్పివేయుట మంచి యలవాటు. కాని గడప దాటిన ప్రతిమారును ఆర్పి, మరల లోపలికి తొంగిచూచిన ప్రతిమారును వెలిగించు మనుష్యుడున్నచో, మిగులు విద్యుత్తు మాట యటుండ, ముందుగా పాడగునది గోడమీది మీట. బల్లమీది కంప్యూటరులయందు ఇట్టి సంగతియే యొకటి జరిగినది.

హార్డు డిస్కు అనునది కంప్యూటరునకు జ్ఞాపకముల పెట్టె. అందు అద్దమువలె నునుపైన పళ్ళెములు నిమిషమునకు వేలమార్లు తిరుగుచుండును. వానిని తాకకయే, వెండ్రుక మందములో వేయవవంతుకంటెను తక్కువ యెత్తున, గాలిపై తేలుచు వ్రాయుచు చదువుచు నుండు చిన్న భాగమును హెడ్డు అందురు. పని లేనప్పుడు దానిని పళ్ళెముల వెలుపలనున్న వాలుపలకపైకి తీసి యుంచినచో, గాలి యొరపిడి తగ్గి మోటారు కొంచెము తక్కువ విద్యుత్తుతో తిరుగును. యోచన మంచిదే.

2007 ప్రాంతమున వెస్టర్న్ డిజిటల్ సంస్థ ‘గ్రీన్’ అను పేర నిట్టి పొదుపు డిస్కులను అమ్మసాగెను. వానిలో నిమిడియున్న ప్రోగ్రాము, 8 సెకండ్లు పని లేకున్న చాలును, హెడ్డును వాలుపలకపైకి చేర్చెడిది. ఇట్లు ఎక్కి దిగుటను హెడ్డు 3,00,000 మార్లు తట్టుకొనునని లెక్క. అది చిన్న సంఖ్యగా తోచదు.

అయితే లినక్సు వంటి వ్యవస్థ నడచు కంప్యూటరులలో, ఎవరును ముట్టని వేళలందును ఏదో యొక ప్రోగ్రాము తన దినచర్యను డిస్కుపై వ్రాసికొనుచునే యుండును. అది 10 సెకండ్ల కొకమారు వ్రాయుచున్న దనుకొందము. ఎనిమిదవ సెకండున హెడ్డు విశ్రమించును. పదవ సెకండున మరల దిగి రావలెను. గంటకు 360 మార్లు, దినమునకు 8,640 మార్లు! రేయింబవళ్ళు నడచు కంప్యూటరులో ఆ మూడు లక్షలును తీరుటకు 35 దినములు చాలును. విద్యార్థులు భాగించి చూచుకొనవచ్చును.

దోష మెవ్వరిది? పొదుపు ప్రోగ్రాము తన పనిని తప్పక చేసినది. దినచర్య వ్రాయునదియు తన పనినే చేసినది. ఒకదాని యునికి మరియొకదానికి తెలియదు. అయినను గడువు నిర్ణయించినవారు విద్యుత్తు ఖర్చును చూచినంత శ్రద్ధగా హెడ్డు అరుగుదలను చూడలేదనక తప్పదు.

మూడు లక్షలు దాటిన మరుక్షణమే డిస్కు ఆగిపోవునని కాదు. కొన్ని అంతకు మించియు నడచినవి. కాని ఏది యెప్పు డాగునో తెలియదు. ఆగిన డిస్కునకు బదులు క్రొత్తది కొనవచ్చును. అందు దాచుకొన్న తాతగారి కంఠస్వరమును, పెండ్లినాటి చిత్రములను ఏ యంగడిలో కొనగలము?

డిస్కు తన ఆరోగ్యపు లెక్కను తానే వ్రాసికొనును. ఆ పట్టికలో 193వ అంశము హెడ్డు ఎక్కిదిగిన సంఖ్య. దానిని చూచి బెదరినవారు గడువు మార్చు ఉపాయము వెదకిరి. 8 సెకండ్లను 300 సెకండ్లవరకు పెంచగల చిన్న ప్రోగ్రామొకటి ఆ సంస్థయే చేసియుండెను. దానిని వాడిన పిదప లెక్క నెమ్మదించెను గాని, అంతవరకు జరిగిన అరుగుదల అట్లే నిలిచెను. అందుచేత తెలిసినవారు మొదట తమ చిత్రములను వేరొక డిస్కునకు నకలు తీసికొని, ఆ పిదపనే గడువు సంగతి చూచిరి.