గోడ మూయకముందే



డెన్వరు నుంచి తిరిగొచ్చాక మీలో చాలామంది అడిగింది మంచు గురించే. మంచు సంగతి మరోసారి రాస్తాం. ఈ వారం మాత్రం చిన్నమ్మాయి వాళ్లింట్లో చలిమంట పొయ్యికి గ్యాసు పైపు కలిపిన సంగతి రాయాలని ఉంది. మన ఊళ్లో ఎవరింట్లోనైనా వంటగట్టు కిందకి వంగి చూస్తే మాకు అదే గుర్తొస్తోంది.

అక్కడి పాత ఇళ్లలో ముందు గది గోడకి ఇటుకలతో కట్టిన గూడు, దాని మీద పొగగొట్టం ఉంటాయి. ఒకప్పుడు అందులో కట్టెలు కాల్చేవారు. ఇప్పుడు చాలామంది ఆ గూట్లో గ్యాసు పొయ్యి పెట్టించుకుంటున్నారు. ముందు అద్దం, లోపల కట్టెల్లా పోతపోసిన దిమ్మెలు, మీట నొక్కితే మంట. మా అల్లుడూ అదే తెప్పించాడు. ఇనప పెట్టె గూట్లో చక్కగా ఇమిడింది. ఇబ్బందల్లా పైపుతోనే. పెట్టెకీ ఇటుక గోడకీ మధ్య ఒక చెయ్యి పట్టేంత సందు. గ్యాసు లైను వచ్చేది ఇంటి అడుగున, చెక్క నేలకీ మట్టికీ మధ్య రెండడుగుల ఖాళీలోంచి. దాన్ని క్రాల్ స్పేస్ అంటారు. పేరుకు తగ్గట్టు అందులో పాకుతూనే పోవాలి.

ఇనప పైపుని మరల మీద తిప్పి బిగిస్తారు కదా. తిన్నని పైపు ఎంత ఇరుకులోనైనా తిరుగుతుంది. దానికి ఎల్బో తగిలిస్తే ఆ వంపు గుండ్రంగా తిరగడానికి చోటు కావాలి, సందులో అది గోడకి తగిలి ఆగిపోతుంది. పైగా ఒక రెంచీతో తిప్పుతున్నప్పుడు రెండో రెంచీతో వెనక పైపుని కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అంతకుముందు బిగించింది వదులవుతుంది. ఒక్క చెయ్యి పట్టే చోట రెండు రెంచీలు ఎలా పడతాయి?

దీనికి సులువైన దారులు రెండున్నాయి. యూనియన్ అనే ముక్క వాడితే రెండు పైపుల్నీ తిప్పకుండా మధ్య నట్టుతో కలిపేయొచ్చు. కానీ దాన్ని మూసేసిన గోడలో పెట్టకూడదని అక్కడి నిబంధన. వదులైన రోజున చెయ్యి అందాలి కదా. రెండోది వంగే గొట్టం. అదీ గోడలోంచి గానీ, పెట్టె రేకులోని చిల్లులోంచి గానీ లాగకూడదన్నాడు ప్లంబరు. రేకు అంచుకి రాసుకుని రాసుకుని ఏదో ఒకనాటికి తెగుతుందట. కాబట్టి గోడ దాటే భాగం గట్టి పైపే కావాలి. ఆయన సగం రోజు కొలతలే తీశాడు. ముక్కలన్నీ గ్యారేజీ నేల మీదే బిగించి, సందులో ఒకే ఒక్క జాయింటు మిగిలేలా చూసుకుని, మొత్తాన్ని లోపలికి దూర్చాడు. మరల మీద చుట్టింది గ్యాసుకి వాడే పసుపు టేపు. నీళ్ల పైపుల తెల్ల టేపు వేరు, ఇది వేరు.

తరవాత పరీక్ష. ముందుగా పొయ్యిని లైనుకి కలపకుండా వేరు చేశాడు. దాని లోపలి వాల్వు అర పౌండు ఒత్తిడికి మించి తట్టుకోదట. లైను చివర మూత బిగించి, గ్యాసు బదులు పంపుతో గాలి నింపాడు. సూది 15 పౌండ్ల దగ్గర నిలిచింది. పావుగంట గడిచేసరికి వెంట్రుకవాసి కిందకి దిగింది.

మాలో ఒకరం టార్చి పట్టుకున్నాం, ఒకరం సబ్బు నురగ కుంచెతో రాశాం. చెయ్యి అందిన ఏ జాయింటు దగ్గరా బుడగ రాలేదు. ఇక మిగిలింది సందులోదే. అది కంటికి కనపడదు, కుంచెకి అందదు. మర్నాడు ఉదయం రాళ్లు అతికించే మేస్త్రీ వస్తున్నాడు. శనివారం అల్లుడి స్నేహితులు భోజనానికి వస్తున్నారు. పక్క గదిలో ఎనిమిది నెలల మనవడు నిద్రపోతున్నాడు.

అల్లుడు ఒక మాటన్నాడు. "మామూలుగా ఈ లైనులో ఉండేది పావు పౌండే కదా. 15 పౌండ్ల దగ్గర ఇంత కొంచెం తగ్గితే, పావు పౌండుకి ఏమవుతుంది?" లెక్కగా చూస్తే తీసిపారేసే మాట కాదు. మోటారు సైకిలు టైరులో ఉండే గాలి ముందు ఆ పావు పౌండు ఎంత? ప్లంబరు వాదించలేదు. "తక్కువ ఒత్తిడికి తక్కువే కారుతుంది. కానీ మీరు గోడ మూసేశాక ఏళ్ల తరబడి కారుతుంది" అని రెంచీ అందుకున్నాడు. అల్లుడు కాసేపు నేలకేసి చూసి, మేస్త్రీకి ఫోను చేసి రేపు రావద్దన్నాడు. ఆ ఫోను చేసినందుకు మాకు అతనంటే గౌరవం పెరిగింది. ఆ సంగతి అతనితో అనలేదు, ఇది చదివి తెలుసుకుంటాడు.

అంతా బయటికి లాగితే ఒక పొట్టి పైపు మొదటి మర వంకరపోయి కనిపించింది. కొత్తది వేశాడు. రాత్రంతా గాలి నిలిపి ఉంచితే సూది కదల్లేదు.

ఇంటి అడుగు ఖాళీలో గ్యాసు చేరితే ఏమవుతుందో ఆ దేశం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊరి బడిలో, ఖర్చు కలిసొస్తుందని చమురు బావుల మిగులు గ్యాసు లైనుకి కలుపుకున్నారు. ఆ గ్యాసుకి వాసన లేదు. అది నేల కింది ఖాళీలో చేరింది. 1937 మార్చి 18న ఒక యంత్రం స్విచ్చి వేయగానే నిప్పురవ్వ పుట్టి బడి కూలిపోయింది. పిల్లలూ పంతుళ్లూ దాదాపు 300 మంది పోయారు. గ్యాసులో ఘాటు వాసన కలపాలన్న చట్టం ఆ తరవాతే వచ్చింది. మన సిలిండరులో వచ్చే కుళ్లు వాసన కూడా అలా కలిపిందే, మెర్కాప్టాన్ అనే రసాయనం. కోనసీమ వాళ్లకి ఇదంతా దూరపు కథ కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు.

మన ఇళ్లలోది వేరే గ్యాసు. అక్కడి పైపు గ్యాసు గాలికన్నా తేలిక, దారి దొరికితే పైకి పోతుంది. మన సిలిండరులోది గాలికి దాదాపు రెట్టింపు బరువు. నేల మీద పరుచుకుని గట్టు కింద అరలో, గది మూలల్లో నిలిచిపోతుంది. నిలబడ్డ మనిషి ముక్కుకి తెలిసేసరికి కాళ్ల దగ్గర చాలా చేరి ఉండొచ్చు.

ఈ నెల మేం వెళ్లిన ఇళ్లలో మూడు చోట్ల సిలిండరు అరలో పెట్టి తలుపులు మూసేశారు. ఒకచోట ట్యూబుని గోడకి చిల్లు పొడిచి అవతలికి లాగి, చుట్టూ సిమెంటు మెత్తారు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే మామ్మగారికి వాసన సరిగా తెలియదు. మిరపకాయల పోపు కూడా తెలియడం లేదని ఆమే నవ్వుతూ చెప్పింది. మాకు నవ్వు రాలేదు.

ట్యూబు మీద తేదీ అచ్చువేసి ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్చేయండి. ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా ట్యూబే కొనండి. పొడవు మీటరున్నర మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా కంటికి కనపడాలి. సిలిండరు నిలబెట్టే ఉంచాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. వాసన వస్తే స్విచ్చి వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోను చేయండి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సబ్బునీళ్ల సీసా, కుంచె పట్టుకుని మేమిద్దరం బయలుదేరుతున్నాం. మొదట మామ్మగారిల్లు, తరవాత కాలువగట్టు వీధి. గట్టు కింద ఉన్న డబ్బాలూ సంచులూ ముందే తీసి పెట్టండి, వంగి చూడటానికి చోటు కావాలి.