ఫిర్యాదు పెట్టె తాళం ఎవరి దగ్గర?

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ దాటాక ఒక సందులో రెండంతస్తుల ఇల్లు వృద్ధాశ్రమంగా నడుస్తోంది. అక్కడి వాళ్లకు కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారో తెలుసుకుందామని వెళ్లాను. ఇల్లు శుభ్రంగానే ఉంది. మందుల డబ్బాల మీద పేర్లు రాసి ఉన్నాయి, మంచాల మధ్య నడిచే చోటుంది. ఫిర్యాదుల పెట్టె కూడా ఉంది; కాకపోతే అది మేనేజరు కుర్చీ వెనక ఉంది, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. చీటీ వేయాలంటే రాయడం రావాలి, మంచం దిగి అక్కడిదాకా నడవాలి, ఆయన కళ్లముందే వేయాలి. నేను పలకరించిన పెద్దవాళ్లు, తెలుగువాళ్లూ ఉర్దూవాళ్లూ, ఆయా పక్కనే ఉన్నంతసేపూ అంతా బాగుందన్నారు. నిజంగానే బాగుండవచ్చు. కానీ తిండి పెట్టే చేతిమీద, అదే చేతి ఎదుట నిలబడి ఎవరూ ఫిర్యాదు చెప్పరు. పెట్టె ఖాళీగా ఉందంటే అక్కడ బాధ లేదని అర్థం కాదు.

2020 జనవరిలో నగర శివారు నాగారంలో అనుమతిలేని ఒక ఆశ్రమం నుంచి పోలీసులు 73 మందిని బయటికి తెచ్చారు. కిక్కిరిసిన గదులు, గొలుసులు, దెబ్బలు. అప్పటి వార్తల ప్రకారం ఆ సంగతి పొక్కింది ఇరుగుపొరుగు వల్లే. లోపలున్న అంతమందికి చెప్పుకునే దారి లేకపోయింది. 2007 నాటి వయోవృద్ధుల చట్టం కన్నబిడ్డల నిర్లక్ష్యం మీదే ఎక్కువగా దృష్టి పెట్టింది: ఆర్డీవో స్థాయి ట్రైబ్యునల్, నెలకు 10 వేల వరకు భరణం, పెద్దల్ని వదిలేసినవాళ్లకు 3 నెలల వరకు జైలు. ఆశ్రమంలో ఆయా చెయ్యి చేసుకుంటే మాత్రం పోలీస్ స్టేషనే దిక్కు. ఆశ్రమాలన్నీ రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి అన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది గాని చట్టం కాలేదు.

మతిమరుపు ఉన్నవాళ్ల మాట ఎలా నమ్ముతాం అని నిర్వాహకులు అడుగుతారు. తేదీ మరిచినవాళ్లకు దెబ్బ తగలలేదని కాదు కదా. మాట మీద అనుమానం ఉంటే ఒంటిని చూడాలి: కమిలిన చోట్లు, పడకపుండ్లు, నెలనెలా తూకం. వీటిని బయటి డాక్టరు చూసి రాస్తే అబద్ధపు నింద నుంచి ఆయాకూ రక్షణే. తనిఖీలు పెరిగితే చిన్న ఆశ్రమాలు మూతపడతాయన్న భయం ఇంతకన్నా బరువైనది, దాన్ని కొట్టిపారేయలేను. అరకొర విరాళాలతో నడిచేవాళ్లకు కాగితాల భారం మోయడం కష్టం. నేనడిగేది కాగితం కాదు, మనిషి. అమెరికాలో 1978 నుంచి ప్రతి రాష్ట్రంలోనూ నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ల తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్ వ్యవస్థ తప్పనిసరి. అక్కడ ఫిర్యాదు చేసినవారి ఒప్పుకోలు లేకుండా వాళ్ల పేరు బయటపెట్టకూడదు. మన జిల్లా సంక్షేమ శాఖ తెలుగు, ఉర్దూ వచ్చిన ఒకరిని పంపి, తలుపు వేసి ఒంటరిగా మాట్లాడిస్తే చాలావరకు తెలుస్తుంది. విచారణ ముగిసేదాకా ఫిర్యాదు చేసిన పెద్దావిడ మంచం ఎవరూ తీసేయరన్న హామీ కూడా ఉండాలి. అది లేకపోతే ఆమె నోరు విప్పదు.

మీవాళ్లెవరైనా ఆశ్రమంలో ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు వాళ్లతో కాసేపు ఒంటరిగా కూర్చోండి. అనుమానం కలిగితే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.